మట్టి అంటని వెనిలా

మా సంస్థ పూర్తి పేరు రాష్ట్ర సుగంధ సస్య కణజాల సంవర్ధన పరిశోధనా కేంద్రం. ఆ పేరంతా ఒక్క వరుసలో పట్టాలని గేటును వెడల్పు చేయించారు. చుట్టుపక్కల కొండల్లో జనం మాత్రం సీసాల ఆఫీసు అనేవారు. నేను అక్కడ సూపరింటెండెంటుని. మొక్కల గురించి నాకు తెలిసింది తక్కువ, ఉత్తర్వుల గురించి తెలిసింది ఎక్కువ. జరిగింది చెప్పడానికి ఆ రెండోదే చాలు.

ఆ కొండల్లో కాఫీ తోటల మధ్య వెనిలా తీగలు పాకించుకుని బతుకుతున్న రైతులకు ఓ వానాకాలం కుళ్లు తెగులు వచ్చి పడింది. వేరు దగ్గర మొదలై, తీగంతా పసుపు తిరిగి మెత్తబడిపోయేది. తోటలకు తోటలే పోయాయి. మళ్లీ వేసుకుందామని పక్క ఊరి నుంచి తీగ ముక్క తెచ్చుకుంటే, ముక్కతో పాటు తెగులూ వచ్చేది. వంతల బుద్రమ్మ పొలంలో, గెడ్డ అనే కొండవాగు పక్కన పనసచెట్టుకు పాకిన తీగ ఒక్కటి మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు ఏపుగా నిలబడింది.

మా కేంద్రంలో మొక్కల సంగతి నిజంగా తెలిసిన మనిషి డాక్టర్ బెందాళం హైమావతి. శ్రీకాకుళం వైపు ఆవిడ. ఆ తీగ కోసం కొండెక్కి బుద్రమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. జీపు ఖాళీగా పోకూడదని నన్నూ వెంట పంపారు.

"ఈ తీగలో కొంచెం ఇయ్యి బుద్రమ్మా. కణుపు కణుపుకీ ముక్క కోసి, మందునీళ్లతో కడిగి, చక్కెర కలిపిన జిగురు మీద సీసాలో పెడతాను. ఒక్క కణుపు నుంచి గుత్తిగా పిలకలొస్తాయి. వాటిని విడదీసి మళ్లీ సీసాల్లో పెడితే మళ్లీ పిలకలు. తెగులు లేని మొక్కలు మీ ఊళ్లన్నిటికీ సరిపోతాయి" అంది హైమావతి.

"ఉన్నదొక్కటే తీగమ్మా. కోసీసినాక నీ సీసాల్లో ఏటీ రాకపోతే?"

"రాకపోతే నన్నడుగు."

"నిన్నడిగితే తీగొచ్చేస్తాదేటి?" అంది బుద్రమ్మ. అంటూనే లోపలికెళ్లి కత్తి తెచ్చి, తనే కోసి చేతిలో పెట్టింది.

సీసాల్లో మొక్కలొచ్చాయి. మొదట కొన్ని ముక్కలు బూజు పట్టి పోయాయి. తర్వాత హైమావతి ఏం మార్చిందో గాని, ట్యూబులైట్ల కింద అరలన్నీ పచ్చబడ్డాయి. చిన్న చిన్న తీగలు, దళసరి ఆకులు, జిగురులోకి దిగిన తెల్లని వేళ్లు. ఇక వాటిని బయటికి తీసి, నీడపందిరి కింద ఆకుమట్టిలో నాటి, గాలికీ ఎండకీ అలవాటు చేసి రైతులకివ్వడమే మిగిలింది. బుద్రమ్మా తక్కిన రైతులూ తీగలు పాకడానికి గిరిపుష్పం కొమ్మలు నాటుకుని కూర్చున్నారు. కొమ్మలు చిగురు కూడా వేశాయి.

సరిగ్గా అప్పుడు మాకు కొత్త డైరెక్టరు వచ్చారు.

డాక్టర్ ఏలేశ్వరపు త్రివిక్రమం గారు అంతకు ముందు రాజధానిలో ప్రణాళికల విభాగంలో పనిచేశారు. మొక్కలతో ఆయనకు పరిచయం లేదు గనక వాటి మీద దురభిప్రాయమూ లేదు. వచ్చిన రోజే హైమావతి ఆయన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లింది. చెప్పులు విప్పించి, కాళ్లు కడిగించి, గౌను తొడిగించి, మూతికి మాస్కు కట్టించి, చేతులకు స్పిరిటు రాయించి లోపలికి పంపింది. అరగంట తర్వాత ఆయన బయటికొచ్చారు.

"సూపరింటెండెంటు గారూ, లోపల ఎంత ప్రశాంతంగా ఉందండీ! అర్జీదారుడు లేడు. యూనియన్ లేదు. దుమ్ము లేదు. నా సర్వీసులో ఫిర్యాదు వినపడని గది ఇదొక్కటే. ఇలా మొత్తం ఆఫీసంతా ఎందుకుండకూడదు?" అన్నారు.

సమాధానం చెప్పాల్సిన ప్రశ్న కాదని నాకు అనుభవం మీద తెలుసు. ఉత్తర్వు తయారుచేశాను. "కేంద్ర ప్రాంగణమునందంతటను క్రిమిరహిత వాతావరణము నెలకొల్పుటకు నిర్ణయించడమైనది. ఇందుకు సిబ్బంది యావన్మందీ బాధ్యత వహింపవలెను."

సిబ్బంది బాధ్యత వహించారు. మర్నాటి నుంచి గేటు దగ్గర అందరి మీదా మందునీళ్లు చల్లేవారు. క్యాంటీనులో ఇడ్లీ పెట్టే మనిషి గౌను, టోపీ, గ్లవ్సులు వేసుకున్నాడు. తినేవాళ్లకు మాస్కు తప్పనిసరి కావడంతో ఇడ్లీల ఖర్చు బాగా తగ్గింది. ఆ తర్వాత డైరెక్టరు గారి దృష్టి ఫైళ్ల మీద పడింది. నిజానికి ఫైళ్ల కంటే మురికివి మా దగ్గర ఏవీ లేవు. సీసాల్ని ఆవిరి మీద ఉడికించే పెద్ద యంత్రం ఒకటుంది. పెండింగులో ఉన్న ఫైళ్లన్నీ దాంట్లో పెట్టి ఉడికించమన్నారు. మూత తీసేసరికి అవి చక్కగా ఉడికి, అంబలిలా జారుతున్నాయి. ఆ నెల పెండింగు ఫైళ్లు ఏమీ లేవని పై ఆఫీసుకు నివేదిక పంపాం. కమిషనరు గారి నుంచి అభినందన వచ్చింది.

ఆ అభినందన గోడకు తగిలించిన రోజునే హైమావతి డైరెక్టరు గారి గదిలోకి వెళ్లింది. నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, మొక్కలు వేళ్లు పోశాయి. ఇక బయటికి తియ్యాలి."

"బయటికంటే?"

"నీడపందిరి కిందకి సార్. ఆకుమట్టిలో నాటాలి."

"మట్టి." డైరెక్టరు గారు ఆ మాటను చిటికెన వేలితో పట్టుకుని దూరంగా పెట్టినట్టు పలికారు. "దానికి పరీక్ష చేయించారా?"

ఆయనే చేయించారు. నాలుగు రోజుల తర్వాత, ఒక చిటికెడు మట్టిలోనే లెక్కకు అందనన్ని సూక్ష్మజీవులున్నాయని నివేదిక వచ్చింది. అది చదివి డైరెక్టరు గారు కళ్లజోడు తీసేశారు.

"ఒక్క చిటికెడులో! హైమావతి గారూ, మీకు పిల్లలున్నారు కదా?"

"ఉన్నారు సార్."

"వాళ్లనిలాంటి చోటికి పంపుతారా?"

"మట్టిలో ఆడుకునే పెరిగారు సార్."

"అది మీ కుటుంబ వ్యవహారం. ఇవి ప్రభుత్వ మొక్కలు. ఇంత శ్రమపడి క్రిమి అంటకుండా పెంచి, తీసుకెళ్లి క్రిముల మధ్య వదిలేస్తే రేపు శాసనసభలో సమాధానం ఎవరు చెప్పాలి?"

"సార్, మొక్కను తయారు చేసిందే మట్టిలో నాటడానికి."

"మీది శాస్త్రీయ దృక్పథం. నేను కాదనను. కానీ పరిపాలనలో అంతకంటే విశాలంగా ఆలోచించాలి."

విశాలంగా ఆలోచించిన ఫలితం ఆ సాయంత్రమే ఉత్తర్వుగా వచ్చింది. క్రిమిరహితమైన ఏ మొక్కా కేంద్రం హద్దు దాటరాదు. కాగితం దిగువన కొంత చోటు మిగిలింది. ఖాళీగా వదిలితే బాగుండదేమోనని నేనే ఇంకో మాట సూచించాను. క్రిమి సోకిన ఏ సీసానైనా అదే దినము సూర్యాస్తమయమునకు పూర్వమే ప్రాంగణము వెలుపలికి విసర్జింపవలెను. డైరెక్టరు గారు మెచ్చుకుని సంతకం చేశారు.

విషయం కొండల్లోకి చేరింది. బుద్రమ్మ పాతికమంది రైతుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర మందునీళ్లతో తడిసి వాళ్లంతా వరండాలో నిలబడితే, డైరెక్టరు గారు అద్దాల తలుపు వెనకనుంచి మైకులో మాట్లాడారు.

"రైతు సోదర సోదరీమణులారా! మీ మొక్కలు సురక్షితంగా ఉన్నాయి. ఎప్పటికీ సురక్షితంగానే ఉంటాయి."

"సంతోసమే బాబూ. మాకెప్పుడిత్తారు?" బుద్రమ్మ అద్దం దగ్గరికెళ్లి అడిగింది.

"మీ పొలాల్లో మట్టి పరిశుభ్రం కాగానే."

"మట్టి సుబ్బరమేటి బాబూ? మట్టంటే మట్టే కదేటి?"

డైరెక్టరు గారు దయగల మనిషి. రైతులు తమ పొలంలో మట్టి తెచ్చుకుంటే కేంద్రమే ఉచితంగా ఉడికించి ఇస్తుందని ప్రకటించారు. వాళ్లు నమ్మారు. కావళ్లతో, గంపలతో, ఓ ముసలాయన భుజాన తువ్వాల్లో మూటగట్టుకుని మట్టి మోసుకొచ్చారు. యంత్రంలో రోజుకో గంప పట్టేది. ఉడికిన మట్టిని తిరిగి పొలంలో పోసుకుంటే, ఆ రాత్రి వానకు పై చాళ్ల నీరు దాని మీంచి పారేది. మళ్లీ మొదటికొచ్చిందని మా తనిఖీ అధికారి రాసిచ్చేవాడు.

బుద్రమ్మ మూడోసారి గంప దించి నా వైపు చూసింది.

"సూపర్నెంటు బాబూ, మా కొండంతా ఉడకబెట్టీసరికి నా మనవడికి మనవడు పుడతాడు. ఈలోగా మేం తినీదేటి?"

ఆ ప్రశ్నకు సంబంధించిన విభాగం మా దగ్గర లేదు. అదే మాట చెప్పాను. ఆమె గంప బోర్లించి, మట్టి మా వరండాలోనే పోసి వెళ్లిపోయింది. దాన్ని ఎత్తడానికి ఎవరికీ అధికారం లేక చాలా రోజులు అక్కడే ఉంది.

సీసాల్లో మొక్కలకు చోటు చాలకుండా పోయింది. తీగ కొసలు మూతకు తగిలి వెనక్కి వంగి, మళ్లీ పైకెక్కి, సీసాలో చుట్టలు చుట్టుకున్నాయి. కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. హైమావతి రోజూ డైరెక్టరు గారి గది ముందు కూర్చునేది. ఆయన రోజూ ఆవిడను లోపలికి పిలిచి, మీ ఆవేదన అర్థం చేసుకోదగ్గది అని చెప్పి పంపేవారు. ఓ మధ్యాహ్నం సంతకం కోసం నేను గౌను తొడుక్కుని ప్రయోగశాలకు వెళ్తే, ఆవిడ సీసా ఒకటి దీపానికి ఎదురుగా పట్టుకుని ఏడుస్తోంది. మాస్కు తడిసిపోయింది.

"చూడండి, తల వంచుకుని బతుకుతోంది. దీనికోసం ఆ ముసల్ది ఉన్న ఒక్క తీగా కోసిచ్చింది. రేపు కొండమీదికెళ్లి నేనేం ముఖం చూపించను?" అంది.

అలవాటు కొద్దీ జేబులో పెట్టుకున్న ఉత్తర్వు నకలు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని తీసుకుని చదివింది. మొదటి మాట దగ్గర ఆగలేదు. రెండో మాట రెండుసార్లు చదివింది.

"సూపరింటెండెంటు గారూ, క్రిమి సోకిందని ఎవరు తేల్చాలి?"

"ఈ గదికి బాధ్యులైన శాస్త్రవేత్త. అంటే తమరే."

ఆవిడ మాస్కు దించి కళ్లు తుడుచుకుంది. గ్లవ్సు తీసేసింది. సీసా మూత తిప్పి, చూపుడు వేలు లోపల పెట్టి, జిగురును మెల్లగా తాకింది. చంటిపిల్లకు తేనె నాకించే తల్లిలా ఉంది ఆవిడ అప్పుడు.

"క్రిమి సోకింది. సూర్యాస్తమయానికి ఎంత టైముందండీ?" అంది.

బోలెడు టైముంది. ప్రాంగణం వెనక గోడ అవతల చెత్త పారబోసే జాగా. ఆ సాయంత్రం హైమావతి సీసాలు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్తే అవతల బుద్రమ్మ ఉంది. కబురెవరు పంపారో నాకు తెలియదు. మా వాచ్‌మన్ అప్పలకొండ ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి కొండెక్కాడని మాత్రం తెలుసు.

"ఇసిరే ముందర ఓ కేకెయ్యమ్మా, గంప పడతాను" అంది బుద్రమ్మ.

"జిగురంతా మంచినీళ్లతో కడిగెయ్యి. నీడలో ఆకుమట్టిలో పెట్టు. మొదట్లో పైన తడిగుడ్డ కప్పు. రోజూ కాస్త కాస్త గుడ్డ తియ్యి" అని హైమావతి గోడ ఇవతల నుంచి చెప్పింది. తర్వాత ఉత్తర్వు ప్రకారం విసర్జించింది.

మర్నాడు ఇంకొన్ని సీసాలకు సోకింది. ఆ వారంలో అర మొత్తానికి సోకింది. డైరెక్టరు గారు నిద్ర మానేసి విచారణ మొదలుపెట్టారు.

"ఈ కాలుష్యానికి మూలం ఏమిటి హైమావతి గారూ?"

"నా వేలు సార్."

ఆయన కంగారుపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "మీ వేలికి క్రిములు ఎక్కడినుంచి వచ్చాయి?"

"అందరి వేళ్లకీ ఉంటాయి సార్. తమ వేళ్లకీ ఉంటాయి."

ఆయన తన చేతుల్ని రెండు వైపులా తిప్పి చూసుకుని బల్ల కిందకి దించేసుకున్నారు. ఆ రోజునుంచి సంతకాలు గ్లవ్సులతోనే పెట్టారు. ప్రయోగశాలలోకి మనుషుల రాకపోకలు నిషేధించారు. కానీ క్రిమి సోకిందని నిర్ధారించడానికి బాధ్యురాలైన శాస్త్రవేత్త తప్పదు గనక హైమావతి ఒక్కదానికి మినహాయింపు ఇచ్చారు.

ఈలోగా రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చింది. వాళ్ల పద్ధతి సులువు. అరల్లో ఉన్న సీసాల్లో ఎన్ని శుభ్రంగా ఉన్నాయో చూస్తారు. సోకిన సీసాలు సూర్యాస్తమయానికి ముందే గోడ దాటిపోతున్నాయి గనక మిగిలినవన్నీ శుభ్రమైనవే. నూటికి నూరు మార్కులు వేశారు. మళ్లీ వచ్చేసరికి సీసాలు సగమైనా నూటికి నూరే. చివరిసారి వచ్చేసరికి అరలన్నీ ఖాళీ. బృందం నాయకుడు ఖాళీ అరల మీద తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డను దీపం కింద పట్టి చూసి, కదిలిపోయాడు.

"ఇంతటి స్వచ్ఛతను నేను నా జీవితంలో చూడలేదు" అని పుస్తకంలో రాశాడు.

ఆ ఏటి ఉత్తమ కేంద్రం అవార్డు మాకే వచ్చింది. డైరెక్టరు గారు శాలువాను ఆవిరి పట్టించి కప్పుకున్నారు. సాధించిన స్వచ్ఛత చెడిపోకుండా ప్రయోగశాలకు తాళం వేసి లక్క ముద్ర వేశారు. దాన్ని చూడడానికి పక్క జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చేవారు. కిటికీలోంచి చూపించడం నా పని. మొక్కలెక్కడున్నాయని ఎవరైనా అడిగితే, మొక్కలుంటే ఈ శుభ్రత ఉండదని వివరించేవాణ్ణి.

ఒక్క హైమావతి సంగతే తేలలేదు. సోకిన సీసాలన్నీ ఆవిడ చేతి మీదుగానే సోకాయని రుజువైంది. సంజాయిషీ అడిగితే నిజమేనని రాసిచ్చింది. ఉద్యోగంలోంచి తియ్యడానికి వీల్లేదు, ఎందుకంటే మాకు అవార్డు వచ్చింది ఆవిడ హయాంలోనే. అందుకని ఆవిడను చెత్త నిర్వహణ విభాగానికి బదిలీ చేశారు. అలాంటి విభాగం అంతకు ముందు లేదు. వెనక గోడకు దగ్గర్లో, లోపలి వైపున, రేకుల షెడ్డు ఒకటి వేయించారు.

కాగితం ఇస్తూ నాకు బాధేసింది. ఇరవయ్యేళ్ల చదువు, ఉద్యోగం, చివరికి రేకుల షెడ్డు. ఆవిడ మాత్రం పైనుంచి కిందకి చదివి, "చెత్త విభాగానికి ఏమేం సామాను ఇస్తారండీ?" అంది.

దానికి డైరెక్టరు గారి సమాధానం తయారుగానే ఉంది. ఆవిడ తాకిన వస్తువేదీ కేంద్రంలో ఉండరాదు. ఆవిడ తాకని వస్తువంటూ ప్రయోగశాలలో లేదు. ఖాళీ సీసాలు, కత్తులు, చిమ్టాలు, మందు డబ్బాలు, గాలిని వడగట్టే బల్ల, ఆఖరికి మట్టితో గార పట్టిన ఆవిరి యంత్రం కూడా చెత్త కింద ఆవిడ షెడ్డుకు చేరాయి. అన్నిటికీ నేనే సంతకం పెట్టాను. వరండాలో బుద్రమ్మ పోసిన మట్టి కూడా ఆ పద్దు కిందే పోయింది. ఆకులు కలిపి హైమావతి దాన్ని మొక్కల కుండీలకు వాడుకుంది.

తర్వాత వానాకాలాలు గడిచాయి. షెడ్డులో మొక్కలు పుట్టేవి, గోడ మీంచి దిగేవి. కొండ మీద గిరిపుష్పం చెట్ల నిండా తీగలు పాకాయి. మూడో ఏడు పూశాయి. వెనిలా పువ్వు ఉదయం విచ్చుకుంటుంది. మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ కొద్దిసేపట్లోనే సన్నని పుల్లతో పువ్వులో పుప్పొడిని చేత్తో అంటించాలి. లేకపోతే కాయ పట్టదు. హైమావతి తెల్లవారగానే కొండెక్కి ఆడవాళ్లకు అది నేర్పేది. బుద్రమ్మ వేళ్లు పువ్వు నుంచి పువ్వుకు ఎంత వేగంగా పోయేవంటే నాకు పుల్ల కనపడేది కాదు.

కొండల్లో వెనిలా కాస్తోందని రాజధానికి తెలిసి కమిషనరు గారు స్వయంగా వచ్చారు. డైరెక్టరు గారు మాస్కు పెట్టుకుని వెనకాల నిలబడ్డారు. బుద్రమ్మ తన తోటలో, హైమావతి పక్కన, పని మధ్యలో ఉంది. కమిషనరు గారికి కుర్చీ వెయ్యలేదు. తలైనా తిప్పలేదు.

"ఈ మొక్కలు ఏ పథకం కింద వచ్చాయమ్మా?" కమిషనరు గారు అడిగారు.

"పథకం కిందేటీ రాలేదు బాబూ. గోడ మీంచొచ్చాయి."

"గోడ మీంచా?"

"అవును. ఈ యమ్మ ఇసిరేది, నాను గంప పట్టీదాన్ని. కాస్త పక్కకి జరుగు బాబూ, పువ్వు వాడిపోతాంది."

కమిషనరు గారు పక్కకి జరిగారు. డైరెక్టరు గారి వైపు చూశారు. డైరెక్టరు గారు హైమావతి వైపు చూశారు. ఆవిడ పువ్వు మీద వంగి ఉంది. ఉద్యోగం పోతుందేమోనని ఆవిడకంటే నాకే ఎక్కువ భయమేసింది. కమిషనరు గారు చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుని, కింద రెండు గీతలు గీశారు.

నెల తిరక్కుండా రాష్ట్రమంతటికీ ఉత్తర్వు వచ్చింది. రైతులకు మొక్కలు చేరవేయడంలో గోడ నిర్ణాయక పాత్ర వహించినందున ప్రతి పరిశోధనా కేంద్రానికీ వెనక వైపు గోడ నిర్మించవలెను. గోడ ఎత్తు, మందం, విసిరే కోణం, అవతల గంప పట్టే స్త్రీ నిలబడవలసిన తిన్నె, అన్నిటికీ కొలతలు ఇచ్చారు. మొక్కలు లేని కేంద్రాల్లో కూడా గోడలు లేచాయి. పత్తి పరిశోధనా కేంద్రంలో లేచింది. చేపల కేంద్రంలో కూడా లేచింది. అక్కడ ప్రారంభోత్సవం నాడు జరిగింది నేను చెప్పను.

మా గోడ పాతది. కొలతలకు సరిపోలేదు. పథకానికి మూలమైన గోడే పథకానికి అనర్హమని తేలింది. దాన్ని పడగొట్టి కొత్తది కట్టమన్నారు. పడగొట్టడానికి మనుషులు వెంటనే దొరికారు. కట్టడానికి టెండర్లు పిలిచారు. కోణం విషయంలో ఇంజనీర్లకూ డైరెక్టరు గారికీ అభిప్రాయం కుదరక అవి ఇప్పటికీ నడుస్తున్నాయి.

గోడ కూలిన మర్నాడు బుద్రమ్మ గంపతో వచ్చింది. ఇటుక ముక్కల మధ్య ఆగి, ఇటూ అటూ చూసింది. ఇరవై అడుగుల దూరంలో షెడ్డు గుమ్మంలో హైమావతి కనపడుతూనే ఉంది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ మా ప్రాంగణంలో ఎదురెదురుగా ఒకర్నొకరు చూసుకోవడం అదే మొదలు.

"ఇప్పుడు నానెక్కడ నిల్చోవాలమ్మా?" అని కేకేసింది బుద్రమ్మ.

హైమావతి నా వైపు చూసింది. ఆ విషయమై ఉత్తర్వేదీ రాలేదని చెప్పాను.

"అయితే లోపలికి రా" అంది హైమావతి.

బుద్రమ్మ చెప్పులు విప్పబోయి, మానేసి, లోపలికి నడిచింది.